వైజాగ్ సీహెచ్ఏ సర్వీస్ రివ్యూ: బస్తా మీద కోపాలిమర్ అని ఉంటే కోపాలిమర్ అయిపోదంట

ముందే చెప్పేస్తున్నా ఇది హోటల్ రివ్యూ కాదు, బిర్యానీ మాట వస్తుంది గానీ అది పెట్టే డబ్బా గురించి. మాది చర్లపల్లిలో చిన్న మౌల్డింగ్ యూనిట్, ఆరు మెషిన్లు, పార్సిల్ డబ్బాలు ఇంకా పెయింట్ బకెట్లు చేస్తాం. దానా సగం లోకల్ డీలర్ల దగ్గరే కొంటాం (దానా అంటే ప్లాస్టిక్ గింజలండీ, గేదెలకి పెట్టేది కాదు, మా అత్తగారు పెళ్లైన కొత్తలో అలాగే అనుకున్నారు), మిగతా సగం రేటు కలిసొచ్చినప్పుడు థాయ్‌లాండ్ నుంచి వైజాగ్ పోర్టుకి తెప్పించుకుంటాం. ఆ కంటైనర్లని కస్టమ్స్ దాటించి మన చేతికిచ్చే సీహెచ్ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) సర్వీస్ మీద ఈ రివ్యూ. అఫీషియల్‌గా కస్టమ్స్ బ్రోకర్ అనాలంట, 2013లోనే పేరు మారింది, అయినా పోర్టు బయట టీ కొట్టు నుంచి లోపల కౌంటర్ దాకా అందరూ సీహెచ్ఏ అనే అంటారు కాబట్టి నేనూ అదే అంటా.

పేరు రాయట్లేదు, తిట్టుకోకండి. ఇందులో మా పాత సీహెచ్ఏ గొడవ కూడా వస్తుంది, ఇద్దరివీ ఒకే వీధి, ఒకళ్ల పేరు రాస్తే రెండో వాళ్లెవరో అక్కడ అందరికీ తెలిసిపోతుంది. రేటింగ్ 5కి 4. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో చివర్లో చెప్తా.

పాతాయనతో మూడేళ్లు చేశాం. మనిషి మంచోడే, ఫోన్ ఎత్తుతాడు, చార్జీలు తక్కువ, "మనకి లోపల అందరూ తెలుసు సార్" అనేది ఆయన రెగ్యులర్ డైలాగ్. దానా ఏదొచ్చినా మేం బస్తా మీద ఏముందో చెప్పేవాళ్లం, ఆయన దానికి తగ్గ కస్టమ్స్ టారిఫ్ కోడ్ వేసేవాడు, హోమో (ఒట్టి ప్రొపిలీన్‌తో చేసిన ప్లాస్టిక్) అంటే 3902.10, కోపాలిమర్ (ప్రొపిలీన్‌లో ఎథిలీన్ లాంటిది ఇంకోటి కలిపింది) అంటే 3902.30, అంతే, ఇందులో ఆలోచించడానికి ఏముంది అనుకున్నాం ఇద్దరం. మేం తెచ్చేవి రెండు రకాలు, బకెట్లకి పీపీసీపీ, అంటే ఇంపాక్ట్ కోపాలిమర్, కింద పడేసినా పగలదు, ఇంకోటి డబ్బాలకి రాండమ్ కోపాలిమర్, అద్దంలాగా క్లియర్‌గా ఉంటుంది, లోపల ముక్క కనపడాలి కదా. రెండింటి పేర్లలోనూ కోపాలిమర్ ఉంది కాబట్టి రెండూ 3902.30లోనే వెళ్లేవి. సప్లయర్ కూడా సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌లో (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే కాగితం) అదే వేసేవాడు. మూడేళ్లు ఎవరూ ఏమీ అడగలేదు.

ఒక రాండమ్ గ్రేడ్ కంటైనర్‌కి అడిగారు. ఇప్పుడు ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ కదా, 2020 నుంచి, మన కాగితాలు చూసే ఆఫీసర్ వైజాగ్‌లోనే ఉంటాడని గ్యారంటీ లేదు, వేరే ఊళ్లో ఎక్కడో కూర్చుని స్క్రీన్ మీద చూస్తాడు. అంటే "లోపల అందరూ తెలుసు" అనే క్వాలిఫికేషన్ అక్కడితో గోవిందా. క్వెరీ ఒక్క లైన్, ఈ గ్రేడ్‌లో కోమోనోమర్ శాతం బరువు ప్రకారం ఎంత, ఆధారం పెట్టండి అని (ప్లాస్టిక్ తయారయ్యే ముడి పదార్థం మోనోమర్, దానికి తోడుగా కలిపే రెండోది కోమోనోమర్). పాతాయన నాకు ఫోన్ చేసి "సార్ ఏదో కోమో అంటున్నారు, మీ దగ్గర ఉందా" అన్నాడు. నేను సప్లయర్‌కి మెయిల్ పెట్టా, వాళ్లకి అప్పుడు సొంగ్‌క్రాన్ సెలవులు, పండగయ్యేదాకా జవాబు లేదు. ఈలోపు శాంపిల్ తీశారు. నేను వైజాగ్ వెళ్లి పక్కనే నిలబడి చూశా, 990 బస్తాల్లో నాలుగు దించి మూల కోసి స్కూప్‌తో తీసి కవర్లో వేసి సీల్ చేసి, కోసిన చోట బ్రౌన్ టేప్ వేశారు, ఆ నాలుగు బస్తాలు లారీలో చర్లపల్లి దాకా దానా కార్చుకుంటూనే వచ్చాయి.

ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగలేక బాండ్ రాసి ప్రొవిజనల్‌గా విడిపించుకున్నాం, అప్పటికే షిప్పింగ్ లైన్ వాడి డిటెన్షన్ (కంటైనర్ లేటుగా తిరిగిస్తే వేసే చార్జీ) మీటర్ ఆటో మీటర్‌లా తిరుగుతోంది. చివరికి రిపోర్ట్‌లో ప్రొపిలీన్ 95 శాతం పైనే అని వచ్చింది, అంటే కస్టమ్స్ లెక్కలో అది కోపాలిమరే కాదు, ప్లెయిన్ పాలీప్రొపిలీన్, 3902.10. సరే ఏమైంది, రెండిటికీ డ్యూటీ ఒకటే కదా అంటారా, నేనూ అదే అన్నా. డ్యూటీ ఒకటే, కానీ ఆసియాన్ దేశాల సరుకుకి డ్యూటీ రాయితీ ఇప్పించే మన సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌లో (దాన్ని ఫామ్ ఏఐ అంటారు, ఇప్పటి ఏఐకి దీనికి సంబంధం లేదు) కోడ్ 3902.30 అని ఉంది, సరుకు 3902.10 అని తేలింది, కాగితానికి సరుకుకి పొంతన లేదు కాబట్టి రాయితీ రేటు ఇవ్వం, ఫుల్ రేటు కట్టండి అన్నారు.

ఫుల్ రేటు లెక్క ఎవరికైనా పనికొస్తుందేమో రాస్తున్నా. సరుకు విలువ 22 లక్షలు అనుకోండి, అప్పటి బేసిక్ డ్యూటీ 7.5 శాతం అంటే 1,65,000, దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్ 16,500, ఇవన్నీ కలిపిన దాని మీద ఐజీఎస్టీ 18 శాతం అంటే 4,28,670. మొత్తం 6,10,170, విలువలో 27.735 శాతం. ఐజీఎస్టీ క్రెడిట్‌లో వెనక్కొస్తుంది, మొదటి రెండూ మాత్రం జేబులోంచి పోయినట్టే, రాదు. బిర్యానీ డబ్బా మీద మాకు మిగిలేది పైసల్లో ఉంటుంది, ఆ 1,81,500 పూడ్చాలంటే ఎన్ని డబ్బాలు చేయాలో మా ఆవిడ కాలిక్యులేటర్‌లో కొట్టి చూపించింది, ఆ నంబర్ ఇక్కడ రాయను.

కోపంతో పాతాయన్ని అడిగితే "మీరు చెప్పిందే కదా సార్ వేశాం" అన్నాడు. నిజమే, అబద్ధం చెప్పలేదు. సెల్ఫ్ అసెస్‌మెంట్ కదా 2011 నుంచి, కోడ్ ఎవరు టైప్ చేసినా బాధ్యత ఇంపోర్టర్‌దే, నోటీసొస్తే మన పేరు మీదే వస్తుంది, మామూలుగా రెండేళ్ల వెనక్కి తవ్వొచ్చు, కావాలని దాచారని తేలిస్తే ఐదేళ్లు.

ఇక అసలు రివ్యూ. మా పక్క షెడ్ ఆయన చెప్తే ఈ కొత్త సీహెచ్ఏ దగ్గరికి వెళ్లా. పోర్ట్ ఏరియాలో మేడ మీద రెండు గదులు, మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు, ఫ్యాన్ తిరిగితే కాగితాలు ఎగురుతాయని ప్రతి ఫైల్ మీదా ఏదో ఒక బరువు. ఆ బరువులు చూస్తే నవ్వొచ్చింది, చిన్న చిన్న హార్లిక్స్ సీసాల్లో రకరకాల దానా పోసి మూత మీద కోడ్ రాసి పెట్టారు, పేపర్ వెయిట్‌కి పేపర్ వెయిట్, శాంపిల్‌కి శాంపిల్. పెద్దాయనకి అరవై పైనే ఉంటాయి. నా టెక్నికల్ డేటా షీట్ చూసి (దాన్ని టీడీఎస్ అంటాం, మా అకౌంటెంట్ ట్యాక్స్ టీడీఎస్ అనుకుని కంగారుపడింది ఒకసారి) మొదటి మాట, "బాబూ, ఎథిలీన్ ఎంత?"

"కోపాలిమరండీ, రాండమ్" అన్నా.

"అది పేరు. నేనడిగింది శాతం. చెంబు మీద పాలు అని రాసుంటే సరిపోదు కదండీ, నీళ్లెన్ని పోశావని అడగాలి."

తర్వాత టారిఫ్ పుస్తకం తీశారు. 39వ చాప్టర్ మొదట్లో నోట్స్ ఉంటాయి, మూడేళ్లలో నేను గానీ పాతాయన గానీ ఒక్కసారి చదివిన పాపాన పోలేదు. ఆ పేజీల నిండా పెన్సిల్ గీతలు, బుక్‌మార్క్ ఆర్టీసీ టికెట్. నాలుగో నోట్ చూపించి చదివించారు నాచేత. ఏ ఒక్క మోనోమర్ కూడా బరువులో 95 శాతానికి చేరకపోతేనే కోపాలిమర్, చేరిందా, ఇంక బస్తా మీద ఏ పేరున్నా అది ఆ ఒక్కదాని పాలిమరే. మా రాండమ్ గ్రేడ్‌లో ఎథిలీన్ 3.2 శాతం అని తర్వాత సప్లయర్ లెటర్ ఇచ్చాడు, అంటే ప్రొపిలీన్ 96.8, కాబట్టి 3902.10. పీపీసీపీలో ఎథిలీన్ 8 దాకా ఉంది, ప్రొపిలీన్ 92, కాబట్టి అది నిజం కోపాలిమర్, 3902.30. అన్ని పీపీసీపీలూ అలా ఉండవు, కొన్ని గ్రేడ్లు 95 గీత అటూ ఇటూ ఉంటాయి, గ్రేడ్ మారితే మళ్లీ అడగాల్సిందే అన్నారు. ఫిల్మ్ వాళ్లు వాడే టెర్‌పాలిమర్ అయితే ఎథిలీన్‌తో పాటు బ్యూటీన్ కూడా ఉంటుంది, రెండూ కలిపితే 5 దాటేస్తుంది చాలాసార్లు.

పాలిమర్ కెమిస్ట్రీలో ఒక్క శాతం ఎథిలీన్ ఉన్నా దాన్ని కోపాలిమర్ అనే అంటారు, ఫ్యాక్టరీలో వాడే మాట అది. కస్టమ్స్ వాళ్లకి వేరే డిక్షనరీ. మనం ఒక భాషలో మాట్లాడుతుంటే వాళ్లు ఇంకో భాషలో వింటున్నారు, సీహెచ్ఏ అనేవాడు మధ్యలో దుబాసీ. పాతాయన మన మాటనే గట్టిగా రిపీట్ చేసే దుబాసీ అన్నమాట.

వీళ్ల పద్ధతి ఎలాగంటే, పీఓ (కొనుగోలు ఆర్డర్) పెట్టగానే గ్రేడ్ పేరు పంపాలి, ఓడ ఎక్కకముందే. మూడు అడుగుతారు, కోమోనోమర్ ఏది, బరువులో శాతం ఎంత, ఏ టెస్ట్‌తో తేల్చారు. సప్లయర్ లెటర్‌హెడ్ మీద ఇది రావాలి, వాట్సాప్ మెసేజ్ ఒప్పుకోరు. అనుమానం ఉంటే మీ చర్లపల్లిలోనే సిపెట్ (ప్రభుత్వ ప్లాస్టిక్స్ ఇన్‌స్టిట్యూట్) ఉంది కదా, పాత లాట్ గింజలు గుప్పెడు అక్కడిచ్చి ఎఫ్‌టీఐఆర్ టెస్ట్ చేయించుకోండి అన్నారు, ఇంటి పక్కన పెట్టుకుని ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. ఆ తర్వాత సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ డ్రాఫ్ట్ తెప్పించి కోడ్ చూస్తారు, తప్పుంటే అప్పుడే మార్పిస్తారు. తర్వాత చెక్‌లిస్ట్ పంపుతారు, మనం చూసి ఓకే అంటేనే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కిచ్చే దిగుమతి డిక్లరేషన్) ఫైల్ చేస్తారు, అదీ ఓడ రాకముందే, లేదంటే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000 లేట్ ఫీజు. 2020 సెప్టెంబర్ నుంచి వచ్చిన కారోటార్ రూల్స్ ప్రకారం రాయితీ అడిగేవాడి దగ్గర సరుకు ఆ దేశంలో ఎలా తయారైందో సమాచారం ఉండాలి, సర్టిఫికెట్ చూపించి ఊరుకుంటే చాలదు, ఆ ఫారం కూడా వీళ్లే కూర్చోబెట్టి నింపించారు. నాకు అందులో సగం అర్థం కాలేదు కానీ సప్లయర్‌ని ఏం అడగాలో తెలిసింది.

ఎనిమిది కంటైనర్లు అయ్యాయి వీళ్లతో. రెండిటికి క్వెరీలు వచ్చాయి, రెండూ అదే కోమోనోమర్ ప్రశ్న, లెటర్ అప్పటికే ఈ-సంచిత్‌లో (కాగితాలు పెట్టే కస్టమ్స్ ఆన్‌లైన్ సిస్టమ్) అప్‌లోడ్ చేసి ఉంది కాబట్టి నంబర్ కోట్ చేసి జవాబిచ్చారు, మర్నాటికి క్లియర్. డిటెన్షన్ ఒక్క రూపాయి కట్టలేదు.

మాది కాని కేసులు కూడా అక్కడ కూర్చుంటే వినపడతాయి, అదో ఫ్రీ ట్యూషన్. మా పక్క షెడ్ ఆయన పాల ప్యాకెట్ ఫిల్మ్ చేస్తాడు, ఎల్‌ఎల్‌డీపీఈ (ఒక రకం పాలిఎథిలీన్) తెస్తాడు. ఆయనకీ ఇదే 95 గొడవ, ఎథిలీన్ 95 పైన ఉంటే 3901.10, తగ్గితే 3901.40, ఈ 40 అనేది 2017లో కొత్తగా పెట్టారు, అంతకుముందు 3901.90లో వేసేవాళ్లు, పాత ఫైల్ కాపీ కొట్టేవాళ్లు ఇప్పటికీ అక్కడే తప్పు చేస్తారంట. బ్యూటీన్ గ్రేడ్‌కి ఆక్టీన్ గ్రేడ్‌కి తేడా ఏంటంటే ఆక్టీన్ అణువు బ్యూటీన్‌కి రెట్టింపు బరువు, లెక్క బరువులో కాబట్టి ఆక్టీన్ కొన్ని అణువులు పడినా 5 శాతం దాటేస్తుంది. డెన్సిటీ 0.918 అని రాసుంటే కోడ్ తెలిసిపోతుందనుకోవద్దు, 0.94 గీత హెచ్‌డీని (ఎక్కువ డెన్సిటీ పాలిఎథిలీన్) వేరు చేయడానికే పనికొస్తుంది.

ఇంకొకాయన బాటిల్ ప్రీఫామ్స్ చేస్తాడు, పెట్ రెజిన్. అక్కడ గీత వేరే, విస్కాసిటీ నంబర్ గ్రాముకి 78 మిల్లీలీటర్లు, ఆ పైన 3907.61, కింద 3907.69. సప్లయర్ సర్టిఫికెట్‌లో ఐవీ (ఇంట్రిన్సిక్ విస్కాసిటీ) 0.76 అని ఉంది, ఈయన వందతో గుణించి 76, 78 కంటే తక్కువ అని 69లో వేయమంటున్నాడు. పెద్దాయన ఆపారు, ఐవీ వేరు విస్కాసిటీ నంబర్ వేరు, రెండోది కొంచెం గాఢత ఉన్న ద్రావణంలో కొలుస్తారు కాబట్టి ఆ సంఖ్య పైకే వస్తుంది, టెస్ట్ చేయించుకురండి, మనకి మనం గుణకారాలు చేసుకోవద్దు అని. బకెట్ల తెల్ల మాస్టర్‌బ్యాచ్ నాది, అది ప్లాస్టిక్ గింజలానే ఉంటుంది గానీ పని రంగు వేయడం, కాబట్టి 39లోకి రాదు, 3206కి పోతుంది. నా పాత బిల్లులో అదీ పాలిఎథిలీనే. ఏం చెప్తాం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, దీనికే నేను నాలుగు స్టార్లు ఇచ్చింది. నా బావమరిది ఒకడు గల్ఫ్‌లో ఉంటాడు, అక్కడ రీప్రో దానా (తుక్కు కరిగించి మళ్లీ చేసిన గింజలు) చాలా చవగ్గా ఉంది బావా, రెండు కంటైనర్లు పంపిస్తా అన్నాడు. ఫొటోలో గింజలు బాగానే ఉన్నాయి, కొంచెం బూడిద రంగు. నోరూరింది, ఎందుకు అబద్ధం. శాంపిల్ తెప్పించి పెద్దాయన ముందు పెట్టా. ఆయన గింజ ఒకటి కత్తెరతో సగానికి కోసి వెలుతురుకి పెట్టి చూశారు, లోపల చుక్కలు చుక్కలుగా ఇంకో రంగు. "ఇందులో పీపీ ఎంత, పీఈ ఎంత బాబూ" అన్నారు (పాలీప్రొపిలీన్, పాలిఎథిలీన్), మామూలే. ఏడో నోట్ ఉందట, తుక్కు ఒకే రకం థర్మోప్లాస్టిక్ అయి, దాన్ని కరిగించి గింజలు చేస్తేనే 3901 నుంచి 3914 లోపల వేసుకోవచ్చు. రెండు రకాలు కలిసిపోతే గింజ ఎంత గుండ్రంగా ఉన్నా 3915, అంటే వేస్ట్ కిందే లెక్క, దానికి డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) లైసెన్స్ కావాలి, పైగా 2019 మార్చిలో పర్యావరణ శాఖ రూల్స్ మార్చాక ఎస్‌ఈజెడ్‌లకి ఉన్న మినహాయింపు కూడా తీసేశారు. "మీరు తెస్తానంటే నేను ఫైల్ చేయను, వేరేవాళ్లు చేస్తారు, వాళ్ల నంబర్ కూడా ఇస్తాను" అన్నారు నవ్వుతూ. నంబర్ తీసుకోలేదు. బావమరిది ఇప్పటికీ ముఖం ముడుచుకునే ఉన్నాడు, మొన్న పెళ్లిలో పలకరించలేదు.

ఎక్స్‌పోర్ట్ వైపు నాకు పెద్ద అనుభవం లేదు గానీ ఒక్కటి చూశా, అడ్వాన్స్ ఆథరైజేషన్ మీద డ్యూటీ లేకుండా దానా తెచ్చుకుని బకెట్లు బయటికి పంపే పార్టీ ఒకరు అదే ఆఫీస్‌లో తల పట్టుకుని కూర్చున్నారు, లైసెన్స్‌లో కోపాలిమర్ అని రాయించుకున్నారు, తెచ్చింది రాండమ్, ఇప్పుడు లైసెన్స్ సవరించుకోవాలి. కంటైనర్ పోర్టులో, ఫైల్ ఆఫీసులో. నా 1,81,500 ఆ రోజు కాస్త చిన్నదిగా అనిపించింది.

ఇప్పుడు ఆ ఒక్క స్టార్ సంగతి. చార్జీలు పాతాయన కంటే బాగా ఎక్కువ, కంటైనర్‌కి దాదాపు ఒకటిన్నర రెట్లు. దానికి బాధ లేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు ఫోన్ ఎత్తరు, పెద్దాయన భోంచేసి పడుకుంటారు, కుర్రాళ్లు ఆయన్ని లేపరు, ఓడ మునిగినా లేపరనుకుంటా. చెప్పాల్సిందంతా వాయిస్ నోట్స్‌లో పంపుతారు, ఒక్కోటి ఆరేడు నిమిషాలు, మధ్యలో ఎవరో టీ తెస్తే "అక్కడ పెట్టమ్మా" కూడా రికార్డవుతుంది, మళ్లీ వెతుక్కోవాలంటే నరకం. కోడ్ మీద వాళ్ల అభిప్రాయం రాతపూర్వకంగా కావాలంటే ఇవ్వరు, అంత గట్టిగా కావాలంటే అడ్వాన్స్ రూలింగ్‌కి (కోడ్ ఏదో ముందే తేల్చి చెప్పే అధికారిక నిర్ణయం) వెళ్లండి, ముంబైలో ఢిల్లీలో అథారిటీ ఉంది, కొన్నేళ్లు చెల్లుతుంది అంటారు, కానీ ఆ అప్లికేషన్ వాళ్లు చేయరు, వేరే కన్సల్టెంట్ దగ్గరికి పంపిస్తారు. అన్నీ ఒకేచోట అవుతాయనుకుంటే కుదరదు.

అన్నిటికంటే చిరాకు బిల్లు. ఏజెన్సీ చార్జీ, సీఎఫ్ఎస్ (కంటైనర్ యార్డ్) చార్జీ, రవాణా అన్నీ రసీదులతో సహా పద్ధతిగా ఉంటాయి, చివర్న మాత్రం ప్రతిసారీ "సండ్రీస్" (చిల్లర ఖర్చులు) అని ఒక లైను, పోయినసారి 2,300. బరువులో శాతాలు ఇంత నిక్కచ్చిగా అడిగే మనిషి కదా అని నేనూ వాట్సాప్‌లో అదే స్టైల్లో పెట్టా, "అండీ, ఈ సండ్రీస్‌లో ఏది ఎంత శాతం?" అని. రెండు బ్లూ టిక్కులు పడి పన్నెండు రోజులైంది.